ఎత్తుపీట

పొట్లపాదు కింద నిలబడి జగ్గమ్మ రాళ్ళు కడుతోంది. జానెడు పెరిగిన పిందె కొసకి దారం ముడివేసి, ఆ దారానికి గులకరాయి వేలాడదీస్తే కాయ వంకర తిరగకుండా నిటారుగా దిగుతుంది. రాయి బరువెక్కువైతే పిందె తెగి చేతిలోకి వస్తుంది, తక్కువైతే కాయ చుట్ట చుట్టుకుని కూర్చుంటుంది. ఎంత పిందెకి ఎంత రాయో చేతికి తెలియాలి. జగ్గమ్మ చేతికి నలభై ఎనిమిదేళ్ళుగా తెలుసు. ఆ రాళ్ళూ అప్పటివే, గోస్తని నది ఇసకలో ఏరి తెచ్చినవి. కాయ కోసినప్పుడల్లా రాయి విప్పి, కడిగి, కొంగున మూటగట్టుకుని మళ్ళీ కొత్త పిందెకి కడుతుంది. ఎన్ని వేల కాయలు శృంగవరపుకోట సంతకి వెళ్ళిపోయాయో గాని, రాళ్ళు మాత్రం ఆ తోట దాటి పోలేదు.

పది రోజుల తర్వాత ఇవాళే పనిలోకి వచ్చింది. జ్వరమే అనుకున్నారు గాని, కోట ఆసుపత్రిలో డాక్టరమ్మ గుండెల మీద గొట్టం పెట్టి చాలాసేపు విని, "గుండె బలహీనంగా ఉంది, మెట్లు ఎక్కకు" అంది. "మా తోటలో మెట్లేటి ఉన్నాయమ్మా, అంతా సదునే" అని జగ్గమ్మ నవ్వింది. పొద్దున మేనకోడలు ఈశ్వరి గుమ్మానికి అడ్డం నిలబడి వెళ్ళొద్దంది. వింటేనా! రాగుల చోడంబలి డబ్బా చేత పుచ్చుకుని, చెంగు బిగించి, ఆయాసం వచ్చినచోటల్లా ఆగి ఆగి తోటకి చేరింది.

పందిరి అవతల వరిమళ్ళలో ఊడుపులు సాగుతున్నాయి. వరసగా ఇరవై మంది ఆడవాళ్ళు, ఇరవై వంగిన నడుములు. ఆ ఊళ్ళో ఆడమనిషన్నాక నడుం వంగాల్సిందే. ఊడుపుకి వంగాలి, కలుపుకి వంగాలి, కోతకి వంగాలి. జగ్గమ్మ నడుం వంగదు. తొమ్మిదో ఏట ఏదో జబ్బు చేసి ఏడాది మంచంలో పడుకోబెట్టింది. లేచేసరికి వెన్నెముక గడకర్రలా బిగుసుకుపోయింది. నడవగలదు, నిలబడగలదు. కింద పడిన పైసా మాత్రం తీసుకోలేదు. నేలమీద చతికిలబడితే లేవడానికి ఇద్దరు మనుషులు కావాలి. "దీనికి మడిలో పనేటి ఇస్తారు, దీన్నెవులు సేసుకుంటారు" అని తల్లి ఏడవని రోజు లేదు.

పదమూడో ఏట ఆ తల్లే పిల్లని వెంటబెట్టుకుని నారాయణమ్మ గారి వాకిట్లో నిలబడింది. నారాయణమ్మ అంటే ఈ తోట యజమానురాలు, పందిరి కూరలంటే ప్రాణం పెట్టే మనిషి. పిల్లని ఎగాదిగా చూసి, "వంగడం రాకపోతే పోనీ, తలెత్తడం వచ్చును కదే?" అంది. చెయ్యి పట్టుకుని పందిరి కిందికి తీసుకొచ్చింది. తీగలు పాకించడం, పిందెలకి రాళ్ళు కట్టడం, ముదురాకు తుంచడం, అన్నీ నిలబడి తలెత్తి చేసే పనులే. వారం తిరక్కుండా వడ్రంగి జోగయ్య చేత పనసచెక్కతో మూడు కాళ్ళ పీట ఒకటి చేయించింది. నడుమెత్తు పీట. వంగకుండానే దానిమీద కూర్చోవచ్చు, చేతులు ఆన్చకుండానే దిగిపోవచ్చు. కూలికి వచ్చిన పిల్ల కోసం కొలత తీయించి పీట చేయించడం ఆ చుట్టుపక్కల ఎవరూ ఎరగరు. నారాయణమ్మ పోయి పన్నెండేళ్ళయినా, రోజూ తోటలోకి రాగానే జగ్గమ్మ ముందు ఆ పీటని తాకి కళ్ళకద్దుకుంటుంది. ఆ తర్వాతే మిగతా దేవుళ్ళు.

"జగ్గత్తా, వచ్చీసేవా!" అంటూ మోహనకృష్ణ వచ్చాడు. నారాయణమ్మ మనవడు. చిన్నప్పుడు ఈ పందిరి కిందే దాగుడుమూతలు ఆడుకున్నవాడు. మొహం వేలాడేసుకుని ఉన్నాడు. "సిక్కుడు పాదులు సూసేవా? మొత్తం జారి నేల మీద పడిపోనాయి. తాడెక్కితే ఒట్టు. మందుల కొట్టాయన ఏరుకుళ్ళు అంటన్నాడు. రేపు ట్రాక్టరు వస్తాది. పందిరి పీకీసి సరుగుడు ఏసీద్దామనుకుంటన్నాను."

జగ్గమ్మ చేతిలో రాయి జారింది. కింద పడిన రాయిని వంగి తీయడం చేతకాదు కాబట్టి దాని వంక చూస్తూ నిలబడింది. సరుగుడు తోటలో తనకి పనేముంటుంది? తను సరే, ఎన్నాళ్ళుంటుంది గనక. నారాయణమ్మ చేత్తో వేసిన పందిరి, ఏటేటా రాటలు మార్చుకుంటూ నిలబెట్టుకొచ్చిన పందిరి, రేపు పొద్దున్నకి ఉండదా?

"నన్నోసారి సూడనీ బాబూ" అంది.

తోట తూర్పు కొసన చిక్కుడు వరసలు. పందిరి నుంచి రెండువందల తాళ్ళు వేలాడుతున్నాయి, అన్నీ బోడిగా. కింద తీగలన్నీ ఒకదానిమీదొకటి పడి పెనవేసుకున్నాయి, తడినేల తగిలిన ఆకులు పచ్చబడ్డాయి. జగ్గమ్మ కాలి బొటనవేలితో ఒక తీగని పైకి లేపి చేతికి అందుకుంది. వేళ్ళతో తడుముతూ మొదలు నుంచి కొస దాకా చూసింది. మోహనకృష్ణ చేత ఒక మొక్కని లాగించి వేరు చూసింది. వేరు తెల్లగా, పొంకంగా ఉంది. మళ్ళీ తీగ చూసింది. దాని ఒంటిమీద ఉన్న మెలికలు చూసింది. చూసి, ఉన్నట్టుండి పకపకా నవ్వేసింది.

మోహనకృష్ణ బిత్తరపోయాడు. "ఏటైనాది?"

ఆ నవ్వులోనే జగ్గమ్మకి రాట వెనకాల చీర అంచు కనిపించింది. రాజకుమారి. మోహనకృష్ణ పెళ్ళాం, వచ్చి ఏడాదిన్నర. మొహం పాలిపోయి ఉంది. జగ్గమ్మ నవ్వు మింగేసుకుంది.

"ఏం నేదు బాబూ. గాలికి జారిపోనాయి. ఏరు సుబ్బరంగా ఉన్నాది, సూడు. ఈ పొద్దు నాకొగ్గీ. రేపు తెల్లారేసరికి తీగలు తాడు మీద నిలబడకపోతే నువ్వు ట్రాక్టరే తెచ్చుకో, ఏనుగునే తెచ్చుకో."

"గాలేదీ? పది రోజులై ఆకు కదల్నేదు కదా" అన్నాడు గాని, జగ్గత్త మాట కాదనడం అతనికి చేతకాదు. "సరే, తెల్లారేదాకా సూస్తాను" అని ఊడుపుల వైపు వెళ్ళిపోయాడు.

రాజకుమారి రాట చాటు నుంచి ఇవతలికి వచ్చింది. "పిన్నీ, నేనే తిప్పేను" అంది. ఆ మాటతోనే కళ్ళు నిండిపోయాయి. జగ్గమ్మ మంచాన పడేనాటికి చిక్కుడు తీగలు మోకాలెత్తు పెరిగి, తాడు పట్టించాల్సిన అదను వచ్చింది. పోనీ పెద్దామెకి సాయంగా ఉంటుందని రాజకుమారి రెండు ఉదయాలు తలంటుకుని, దీపం పెట్టి వచ్చి, ఒక్కర్తీ రెండువందల తీగల్నీ తాళ్ళకి చుట్టింది. ఆ పిల్లది శ్రీకూర్మం. రోజూ పొద్దున్నే కూర్మనాథుడి గుడి చుట్టూ తిరిగి బడికెళ్ళిన పిల్ల.

"ప్రదక్షిణం చేసినట్టే తిప్పేను. ఒక్కటి కూడా ఎడమ తిప్పనేదు. లెక్కకి లెక్క, శ్రద్ధగా చేసేను. అయినా మర్నాటికి వదులైపోయి, మూడోనాటికి జారిపోనాయి. మళ్ళీ చుట్టేను. మళ్ళీ అంతే." కొంగుతో మొహం తుడుచుకుంది. "నా చెయ్యి మంచిది కాదు పిన్నీ. నాటిన గులాబీ చచ్చిపోయింది. పాలు తోడేస్తే ఓ రోజు తోడుకుంటాయి, ఓ రోజు తోడుకోవు. ఇప్పుడు ఈ పందిరి కూడా నా వల్లనే పోతన్నాది. ఆయనకి చెప్పడానికి నోరు రానేదు."

జగ్గమ్మ ఆ బోడి తాళ్ళకేసి చూసింది. నలభై ఎనిమిదేళ్ళ కిందట సరిగ్గా ఇలాగే, ఈ తూర్పు కొసనే, పదమూడేళ్ళ పిల్ల ఒకతె ఏడుస్తూ నిలబడింది. తొలి పని చేతికిచ్చారు కదా అని భక్తిగా ప్రదక్షిణం తిప్పింది. రెండు రోజుల్లో వరస వరసంతా జారిపోయింది. తన్ని తరిమేస్తారనుకుంది. నారాయణమ్మ తిట్టలేదు. మొగుడితో "గాలికి జారిపోనాయి" అని ఒక్క అబద్ధం ఆడి, పిల్లని కొత్తపీట మీద కూర్చోబెట్టి, "ఒక్క తీగ సూడు. మజ్జానం దాకా కళ్ళు తిప్పకు" అంది.

"ఆ పీట ఇలా తే తల్లీ" అంది జగ్గమ్మ. "నాకు కాదు. నువ్వు కూకో."

తాడు అందక, కొస గాలిలోకి చాచుకుని నిలబడిన తీగ ఒకటి దొరికింది. జగ్గమ్మ కొంగుమూట విప్పి నాలుగు రాళ్ళు రాజకుమారి చేతిలో పెట్టింది. తను చెప్తుంటే ఆ పిల్ల వంగి, మొదలు చుట్టూ నాలుగు దిక్కులా నాలుగు రాళ్ళు పెట్టింది. తీగ కొస అప్పుడు తూర్పు రాయి మీదుగా ఉంది.

"ఇంకేం సెయ్యకు. సూడు."

రాజకుమారి చూసింది. ఏమీ జరగలేదు. తీగ తీగలాగే ఉంది. "పిన్నీ, వంట" అని లేవబోయింది. "కూకోమన్నానా!" అని జగ్గమ్మ కసిరింది. పక్కన రాటకి ఆనుకుని తన పొట్ల దారాలు పురి పెట్టుకుంటూ నిలబడింది. అరకు వైపు వెళ్ళే పాసింజరు కూత వినబడేసరికి తీగ కొస ఉత్తరం రాయి మీదికి వచ్చేసింది. రాజకుమారి కళ్ళు నులుముకుంది. గాలి లేదు, ఎవరూ ముట్టుకోలేదు. మరి కాసేపటికి కొస పడమటికి వంగింది. ఎండ పందిరి సందుల్లోంచి నేలమీద పడేవేళకి దక్షిణం రాయి దాటి మళ్ళీ తూర్పుకి వస్తోంది.

"ఓలమ్మా! తిరుగుతన్నాది!" ఆ పిల్ల గొంతులో ఏడుపు ఎక్కడికి పోయిందో.

"తిరగదేటి? దానికి కళ్ళు నేవు కదా. సీకట్లో మనం గోడ తడుముకున్నట్టు తడుముకుంటాది. ఏదైనా తగిల్తే పట్టీసుకుంటాది. తగలకపోతే మళ్ళీ తిరుగుతాది. పగలూ రాత్రీ అదే పని. ఇసుగన్నది నేదు."

"ఎడమపక్క నుంచి తిరుగుతన్నాది కదా పిన్నీ. అప్రదక్షిణం. దోషం కాదూ?"

జగ్గమ్మ మళ్ళీ నవ్వింది. "నానూ పెద్దమ్మగోర్ని అదే అడిగినాను. ఆయమ్మ ఏటన్నాదో తెలుసా? మీ కూర్మనాథుడు పడమటేపు తిరిగి నిలబడ్డాడు, ఎవులైనా తప్పు పట్టేరా అన్నాది. సిక్కుడు తీగ పుట్టుకే అంత. నువ్వు కుడేపు సుడితే అది రాత్రికి రాత్రి ఇప్పుకుని దాని దారిన అది పోతాది. నీ సెయ్యి మంచిదే తల్లీ. నీ సెయ్యంత మంచిది కాబట్టే రెండొందల తీగలు ఇన్ని మెలికలు పడి కూడా ఒక్కటీ ఇరగనేదు."

రాజకుమారి తన చేతులకేసి చూసుకుంది. తర్వాత పీట దిగి, వంగని ఆ మనిషి నడుం చుట్టూ చేతులు వేసి గట్టిగా పట్టుకుంది.

"ఇప్పుడే చుట్టీద్దామా?" అంది.

"ఇప్పుడొద్దు. పొద్దున్నపూట తీగ నీళ్ళు తాగి బిర్రుగా ఉంటాది, పటుక్కున ఇరుగుతాది. ఎండ నడినెత్తికొచ్చి కాస్త వాడనీ."

మధ్యాహ్నం ఇద్దరూ పందిరి నీడలో చోడంబలి తాగారు, ఉల్లిపాయ నంజుకుని. ఎప్పుడూ ఒక్కర్తీ నిలబడి తాగే జగ్గమ్మకి ఇవాళ తోడు దొరికింది. మాటల్లో సోములు ఊసు వచ్చింది. సైకిలు మీద కూరల బుట్టలు కట్టుకుని సంతకి తీసుకెళ్ళే సోములు. ఒకనాడు పొట్లకాయలు మూట కడుతూ కడుతూ, తల ఎత్తకుండానే, "జగ్గీ, నన్ను మనువాడితే నువ్వు వంగనక్కర్నేదు. వంగే పన్లన్నీ నాను సేస్తాను" అన్నాడట. ముప్పై ఒక్క ఏళ్ళు అన్నమాట నిలబెట్టుకున్నాడు. పొయ్యి ఊదాడు, ఇల్లు చిమ్మాడు, ఆమె కాలికి ముల్లు గుచ్చుకుంటే మోకాళ్ళమీద కూర్చుని తీశాడు. ఊరు నవ్వితే తనూ నవ్వాడు. పోయి ఐదేళ్ళయింది. "నాకేటి తక్కువైంది తల్లీ" అంది జగ్గమ్మ, డబ్బా మూత బిగిస్తూ. "పెద్దమ్మగోరు తలెత్తించేరు. మా మావ నా బదులు వంగేడు. ఇంకెవులికున్నాదీ బోగం?"

ఎండ చురుక్కుమన్నాక పని మొదలెట్టారు. రాజకుమారి కింద పడిన తీగల్ని చిక్కుతీసి అందిస్తుంది, జగ్గమ్మ తాడుకి ఎడమపక్క నుంచి రెండు చుట్లు వేసి వదిలేస్తుంది. ముడి లేదు, కట్టు లేదు. పది తీగల తర్వాత జగ్గమ్మ చేతులు వెనక్కి తీసుకుంది. రాజకుమారే వంగి తీస్తోంది, రాజకుమారే లేచి చుడుతోంది. "బిగించకు. దారి సూపించీసి ఒగ్గీ. పట్టుకోడం దాని పని" అని మాత్రం రెండుసార్లు అంది. మూడోసారి అనాల్సిన అవసరం రాలేదు. ఆ పిల్ల వేళ్ళు ఎంత నేర్పుగా కదులుతున్నాయో చూస్తుంటే జగ్గమ్మకి కడుపు నిండిపోయింది.

పొద్దు పందిరి పడమటి అంచు కిందికి దిగేసరికి ఇంకా రెండు వరసలు మిగిలాయి. జగ్గమ్మకి ఊపిరి అందలేదు. ఎడమ భుజం బరువెక్కింది. "నువ్వు కానీ తల్లీ, నాను సూస్తాను" అని పీట మీద కూర్చుని రాటకి వీపు ఆన్చింది. ఏటవాలు ఎండలో పందిరి అంతా లేతపచ్చగా వెలిగింది. ఇందాకటి తీగ కొస, రాళ్ళ మధ్యది, ఇప్పుడు తాడు పట్టుకుని ఉంది. పట్టుకుందా, ఊరికే ఆనుకుందా? కళ్ళు చికిలించి చూసింది. పట్టుకుంది. రాజకుమారి చుట్టింది కాదు, కొస తనకి తానే మరో అర చుట్టు వేసుకుంది. అదే చాలు. తెల్లారేసరికి అన్నీ ఇంతే. పెద్దమ్మగారికి ఈ మాట చెప్పాలని అనిపించింది. ఉన్నన్నాళ్ళూ ఆ మనిషికి ఒక్కసారీ నోటితో దండం చెప్పుకోలేదు. ఏముందిలే, ఇవాళ చెప్పుకున్నట్టే. ఊడుపు పాట ఎక్కడో దూరంగా వినబడుతోంది. వొంట్లో బరువంతా దిగిపోయినట్టుంది.

"పిన్నీ, ఇది సరిగానే ఉందా?" ఆఖరి వరస నుంచి రాజకుమారి అడిగింది. జవాబు రాలేదు. తప్పయితే కసిరేదే కదా, బాగానే ఉందన్నమాట అనుకుని తర్వాతి తీగ చుట్టింది. ఆ తర్వాతిదీ చుట్టింది. చుడుతూ, రేపు ఆయనకి తనే నిజం చెప్పేస్తానంది, గులాబీకి నీళ్ళెక్కువ పోశానేమో అంది, పాలు మరీ చల్లారాక తోడేస్తున్నానేమో అంది. అన్నీ ఐపోయాయి. కొంగు దులుపుకుని, నవ్వుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడింది.

జగ్గమ్మ నిటారుగానే కూర్చుంది. వంగని ఆ వీపు ఇప్పుడు కూడా వాలలేదు. తల ఎత్తి ఉంది, కళ్ళు పందిరి మీదే ఉన్నాయి. ఒడిలో పురి పెట్టిన దారం ముక్క. రాజకుమారి ఆ చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది. "పిన్నీ" అంది మెల్లిగా, నిద్ర లేపినట్టు. ఆ తర్వాత మళ్ళలో ఊడుపు పాట ఆగిపోయేలా పిలిచింది.

తెల్లవారి మోహనకృష్ణ ఎర్రబడిన కళ్ళతో తోటలోకి వచ్చాడు. రెండువందల తాళ్ళకి రెండువందల తీగలు. ఒక్కటి జారలేదు, కొన్ని బెత్తెడు పైకి కూడా పాకాయి. రాజకుమారి అతనికి ఉన్నదంతా చెప్పింది. అతను కోప్పడలేదు. "అయితే గాలి కాదన్నమాట" అని, గట్టు మీదికొచ్చిన ట్రాక్టరు డ్రైవరుకి చెయ్యి ఊపి వెనక్కి పంపేశాడు. అక్కడే నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

పదకొండోనాడు ఈశ్వరి తన మేనత్త వస్తువులకని వచ్చింది. అంబలి డబ్బా, తలగుడ్డ ఉన్నాయి. పీట కూడా తీసుకెళ్ళమని మోహనకృష్ణ వంగబోతే రాజకుమారి ఆపింది. "ఒగ్గెయ్యండి. దాన్ని కదపకండి" అంది. అప్పుడు చూశారు ముగ్గురూ.

రాట పక్కన ఎక్కడ వదిలిపోయిందో అక్కడే ఉంది ఎత్తుపీట. కూర్చున్నచోట పనసచెక్క నున్నగా అరిగి మెరుస్తోంది. దాని ఒక కాలికి లేత చిక్కుడు కొస ఒకటి ఎడమపక్క నుంచి అప్పటికే రెండు చుట్లు వేసి, మూడోది వేయబోతోంది.